పాప స్టెరాయిడ్ కోర్సు: నా అనుభవం

మా పాపకు నాలుగేళ్ళు. పొద్దున లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బు. మా వీధిలో మందులిచ్చే ఆయన అలర్జీ అన్నాడు. కాళ్ళు, పొట్ట కూడా ఉబ్బేసరికి తిరుపతిలో పిల్లల డాక్టరుకు చూపించాం. యూరిన్‌లో ప్రొటీన్ 4+ వచ్చింది, అంటే చాలా ఎక్కువ. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్‌ను కిడ్నీలు మూత్రంలోకి వదిలేస్తున్నాయట. దానికి మందు ప్రెడ్నిసోలోన్, అంటే స్టెరాయిడ్.

ఇక ఇంట్లో టెన్షన్ మొదలైంది. "స్టెరాయిడ్ వాడితే ఉన్న కిడ్నీలు కూడా పోతాయంట కదమ్మా" అని మా అత్త. ఆ కిడ్నీల కోసమే ఈ మందు అని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మొదటిసారి వచ్చిన పిల్లలకు లెక్క ఇదట: కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రోజూ 6 వారాలు, ఆ తర్వాత కిలోకు 1.5 చొప్పున దినం మార్చి దినం ఇంకో 6 వారాలు. పొద్దున టిఫిన్ తిన్నాకే వేయాలి. మన ఒంట్లో ఇలాంటి హార్మోను సహజంగా ఎక్కువగా ఊరేది కూడా పొద్దున పూటే.

బిళ్ళ చేదు. నీళ్ళలో కరిగించి, పైన చెంచాడు తేనె నాకించేదాన్ని. ఉబ్బు తగ్గేదాకా ఊరగాయ, అప్పడాలు బంద్.

నర్సమ్మ ఇంట్లోనే యూరిన్ చూడటం నేర్పింది. తెల్లవారి మొదటిసారి పోసిన మూత్రం టెస్ట్ ట్యూబులో కొంచెం పోసి, సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ చుక్కలు వేయాలి. మూత్రంలో ప్రొటీన్ పోకపోతే, ట్యూబు వెనక పేపరు పెట్టి చూసినప్పుడు అక్షరాలు తేటగా కనబడాలి. మొదట్లో పాలు విరిగినట్టు తెల్లటి ముక్కలు తేలేవి. కొన్నాళ్ళకు మసక, తర్వాత ఒకరోజు పేపర్లో పెళ్ళి సంబంధాల ప్రకటనలు కూడా చదవగలిగాను! వరసగా మూడు రోజులు అలా తేటగా వస్తే జబ్బు అదుపులోకి వచ్చినట్టు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. ఉబ్బు పోయింది, యూరిన్ బాగుంది, ఇంకా ఆ బిళ్ళలెందుకని అడగని చుట్టం లేదు. ముందే ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. పైగా బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నన్నాళ్ళు ఒంట్లో ఊరేది తగ్గిపోతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే పిల్ల నీరసించి, వాంతులై, బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. వాంతులై బిళ్ళ నిలవకపోయినా ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు.

మొహం గుండ్రంగా అయింది, అర్ధరాత్రి లేచి సంగటి అడిగేది, చీటికీ మాటికీ కోపం. పక్కింటావిడైతే "పాప ఒళ్ళు చేసింది, ముద్దుగా ఉంది" అంది. ఏం చెప్తాం? డోసు తగ్గాక ఆ మొహం మెల్లగా మామూలైంది. చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా బీపీ, ఎత్తు, బరువు చూసేవాళ్ళు.

మందుల షాపులో కూడా కళ్ళు తెరుచుకుని ఉండాలి. ఒకసారి చీటీలో 10 ఎంజీ ఉంటే కుర్రాడు 20 ఎంజీ ఇచ్చాడు. పేరు అదే, అంకె ఒక్కటే తేడా. కౌంటరు దగ్గరే చూసి మార్పించాను. అప్పట్నుంచి స్ట్రిప్పు మీది అంకె కూడా నోటుపుస్తకంలో యూరిన్, బరువు పక్కనే రాసేదాన్ని.

ఇంతలో మే నెల, గంగమ్మ జాతర. పాపకు వేషం కట్టిస్తానని మా అత్త మొక్కుకుంది. ఈ డోసులో రోగనిరోధక శక్తి తగ్గుతుంది, జనంలోకి వద్దు, మొక్కు వచ్చే ఏడు తీర్చుకోండి అంది డాక్టరమ్మ. ఆటలమ్మ పోసిన పిల్లల దగ్గరికి వెళ్తే మాత్రం ఆరోజే ఫోన్ చేయమంది. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) లాంటి టీకాలు, పోలియో చుక్కలు తనను అడగందే వేయించొద్దంది. మా అత్త రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే పక్కింటి పిల్లాడు దగ్గుతున్నాడని గుమ్మంలోంచే పంపించేసింది.

ఇప్పుడు కోర్సు అయిపోయింది. కొన్ని నెలలపాటు ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా స్టెరాయిడ్ వాడిన సంగతి చెప్పాలట. జలుబు, జ్వరం వస్తే రోజూ యూరిన్ చూస్తున్నాం. వరసగా మూడు రోజులు ప్రొటీన్ 3+ వస్తే ఫోన్ చేయాలి. పాత చీటీ చూసుకుని సొంతంగా బిళ్ళలు మొదలుపెట్టకూడదని గట్టిగా చెప్పి పంపారు.