బ్యాచ్ మార్కు, మనిషి మార్కు: సాఫ్ట్‌వేర్ డిజైన్ ప్రాజెక్టులు దిద్దడంలో నా అనుభవం

నల్లగొండలో నేను చెప్పే సాఫ్ట్‌వేర్ డిజైన్ కోర్సులో సెక్షన్‌కు 60 మంది, నలుగురికొకటి చొప్పున 15 బ్యాచ్‌లు. 100 మార్కులను మూడుగా విడదీస్తాను. బ్యాచ్ ప్రాజెక్టుకు 40, ఆ ప్రాజెక్టులో ఒక్కొక్కరి వాటాకు విడిగా 30, ఎవరికి వాళ్లు చేసే చిన్న ప్రాజెక్టుకు 30. నలుగురికీ ఒకటే మార్కు వేస్తే కోడంతా రాసిన అమ్మాయికీ, రివ్యూ రోజు మాత్రమే వచ్చిన అబ్బాయికీ తేడా ఉండదు. అన్నీ విడి మార్కులే పెడితే కలిసి డిజైన్ చేయాల్సిన అవసరం ఎవరికీ రాదు.

టాపిక్ మా చుట్టుపక్కలదే ఇస్తాను. ఎక్కువగా వడ్ల కొనుగోలు కేంద్రం: టోకెన్, తేమ చూడటం, కాంటా, 40 కిలోల సంచులు, రసీదు, రోజువారీ రిపోర్టు. తేమ 17 శాతం దాటితే ఏం జరుగుతుందో వ్యవసాయం ఉన్న ఇళ్ల పిల్లలకు చెప్పనక్కర్లేదు. రూల్స్ తెలిసిన విషయమైతే వాళ్ల బుర్ర డిజైన్ మీదకు పోతుంది. పైగా అమీర్‌పేట నుంచి తెచ్చుకునే రెడీమేడ్ ప్రాజెక్టుల్లో ఇలాంటిది దొరకడం కష్టం.

డిజైన్ డాక్యుమెంటును ఐదో వారంలోనే తీసుకుంటాను. చివర్లో తీసుకుంటే కోడ్ రాసేశాక టూల్‌తో గీయించిన క్లాస్ డయాగ్రమ్ (ప్రోగ్రామ్‌లోని భాగాలైన క్లాసులు, వాటి మధ్య సంబంధాలు చూపే బొమ్మ) వస్తుంది. దాన్ని పట్టుకోవడం తేలిక: ప్రతి గెట్టర్, సెట్టర్ (ఒక విలువను చదివే, మార్చే చిన్న కోడ్ ముక్కలు) అందులో ఉంటాయి, ఒక రైతుకు ఎన్ని టోకెన్లో చెప్పే అంకె మాత్రం ఉండదు. ప్రాజెక్టు ముగిశాక సీక్వెన్స్ డయాగ్రమ్‌లో (ఏ భాగం దేన్ని ఏ వరుసలో పిలుస్తుందో చూపే బొమ్మ) ఏదో ఒక బాణం చూపించి, ఆ పని చేసే మెథడ్ కోడ్‌లో ఎక్కడుందో చూపించమంటాను. లేకపోతే, ఎందుకు మార్చారో అరపేజీ నోట్ ఉండాలి. మార్చినందుకు మార్కులు తగ్గించను, కారణం రాయకపోతే తగ్గిస్తాను.

డిజైన్ పాటర్న్‌లను, అంటే తరచూ వచ్చే డిజైన్ సమస్యలకు పేరుపెట్టిన రెడీ పరిష్కారాలను, లెక్కపెట్టి మార్కులు వేయడం నాకు నచ్చదు. అలా వేస్తే ప్రతి ప్రాజెక్టులో సింగిల్టన్, ఫ్యాక్టరీ, అబ్జర్వర్ మూడూ అవసరం లేకపోయినా వచ్చి కూర్చుంటాయి. ఒకే పనికి వేర్వేరు పద్ధతులను మార్చుకునే వీలిచ్చే స్ట్రాటజీ పాటర్న్ పెట్టి కింద ఒక్కటే స్ట్రాటజీ ఉంటే, రెండోది ఎప్పుడు వస్తుందనుకున్నారని అడుగుతాను. జవాబు ఉంటేనే మార్కు.

అసలు తూకం తెలిసేది నేను పెట్టే ‘మార్పు పరీక్ష’ దగ్గరే. డిజైన్ బాగుందా లేదా అన్నది ప్రోగ్రామ్ నడుస్తుంటే తెలియదు, రూల్ మారినప్పుడు తెలుస్తుంది. 2024 వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ మొదలుపెట్టింది. అదే మార్పును బ్యాచ్‌లకు ఇస్తాను. 65 సంచులంటే 26 క్వింటాళ్లు, బోనస్ 13,000 రావాలి. రసీదులో 13,000 సరిగ్గా వచ్చి, రోజువారీ రిపోర్టులో పాత మొత్తమే కనిపిస్తే, ధర లెక్కను రెండుచోట్ల రాసుకున్నారన్నమాట. ఈ తప్పే అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఒకరు రసీదు, ఇంకొకరు రిపోర్టు పంచుకుని, లెక్క ఎవరిదో ముందుగా మాట్లాడుకోకపోవడం వల్ల వస్తుంది.

కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచుకునే గిట్ టూల్‌లో, ఎన్ని ఫైళ్లు మారాయో డిఫ్ అనే కమాండ్ చెబుతుంది కానీ, ఆ అంకెను మాత్రమే నమ్మితే మోసపోతాం. మొత్తం ప్రోగ్రామ్‌ను 1,200 లైన్ల ఒకే క్లాసులో కుక్కిన బ్యాచ్‌కు కూడా మారిన ఫైలు ఒక్కటే. అందుకే ఇంకో రెండు చూస్తాను: ఆ మార్పు కోసం ఎంత కోడ్ చదవాల్సి వచ్చింది, బోనస్‌తో సంబంధం లేని టెస్ట్ (కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రామ్) ఏదైనా ఫెయిలైందా. ధర లెక్క విడిగా ఉన్న బ్యాచ్ ఒక చిన్న క్లాసు కలిపి ఊరుకుంటుంది. మిగతావాళ్లు స్క్రోల్ చేస్తూనే ఉంటారు.

ఒక్కొక్కరి వాటాకూ ఇదే పద్ధతి. ల్యాబ్‌లో ఇంటర్నెట్ ఆపి, తమ బ్యాచ్ కోడ్‌లోనే ఒక్కొక్కరికి ఒక్కో చిన్న మార్పు ఇస్తాను, 40 నిమిషాల టైమ్. తను రాయని భాగంలో ఇస్తాను, ఎందుకంటే మిగతావాళ్ల కోడ్ చదివారో లేదో అప్పుడే బయటపడుతుంది. తర్వాత తలా ఐదు నిమిషాల వైవా. 60 మందికి ఐదు గంటలు, అంటే రెండు ల్యాబ్‌లు. ఏఐ టూల్ వాడి రాశారా అన్న గొడవ కూడా ఇక్కడే తేలుతుంది. ఎవరు రాసినా సరే, అర్థం చేసుకుని మార్చగలిగితే మార్కులు వస్తాయి.

గిట్ చరిత్రను సాక్ష్యంగా తీసుకుంటాను, తీర్పుగా కాదు. ఎవరు ఎన్ని కమిట్లు (గిట్‌లో దాచిన ఒక్కో మార్పు) చేశారో చెప్పే షార్ట్‌లాగ్‌లో ఒకే మనిషి రెండు పేర్లతో కనిపిస్తాడు, ల్యాబ్‌లో ఒకటి, సొంత ల్యాప్‌టాప్‌లో ఒకటి. మెయిల్‌మ్యాప్ ఫైలుతో వాటిని కలుపుకోవాలి. ల్యాబ్ సిస్టమ్‌లో పాత బ్యాచ్ సీనియర్ పేరు గిట్ సెట్టింగుల్లో అలాగే ఉండిపోతుంది, మొదటి రోజే అందరిచేత మార్పించాలి. బయటి లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరును కమిట్ చేసినవాడి ఖాతాలో వేల లైన్లు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, హాస్టల్లో నలుగురికీ ఒకే ల్యాప్‌టాప్ ఉండొచ్చు. అప్పుడు కమిట్లన్నీ ఒకరి పేరుమీదే పడతాయి. కమిట్ మెసేజ్ చివర కో-ఆథర్డ్-బై అని పక్కన కూర్చున్నవాళ్ల పేర్లు రాయడం నేర్పకపోతే ల్యాప్‌టాప్ లేని పిల్లలకు అన్యాయం జరుగుతుంది.

తోటివాళ్లకు మార్కులు వేయమంటే 33, 33, 34 అని పంచేస్తారు. స్నేహం చెడగొట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు, అది సహజం. అందుకే అంకెలు అడగడం మానేసి ఒకే ప్రశ్న అడుగుతాను: ఈమె చెప్పిన ఏ మాట వల్ల మీ కోడ్‌లో ఏం మార్చారు? జవాబుల్ని నేరుగా మార్కులుగా మార్చను, వైవాలో ఏం అడగాలో తెలుసుకోవడానికి వాడతాను. డయాగ్రమ్‌లూ డాక్యుమెంటేషన్ చేసినవాళ్లను ‘కోడ్ రాయలేదు’ అని మిగతావాళ్లు తక్కువ చేస్తారు. ఇది డిజైన్ కోర్సు, ఆ పని ఇక్కడ సగం ప్రాజెక్టు.

విడి ప్రాజెక్టుకు కొత్తగా ఏమీ కట్టించను. అస్తవ్యస్తంగా ఉన్న 300 లైన్ల కోడ్, దాంతోపాటు 12 టెస్టులు ఇచ్చి, ప్రవర్తన మారకుండా చక్కదిద్దమంటాను. మార్కులు మెట్లకే: ఒక్కో కమిట్‌లో ఒక్కో మార్పు, ప్రతి కమిట్ దగ్గరా 12 టెస్టులూ పాస్ కావాలి. మొత్తం చెరిపేసి ఒకే కమిట్‌లో తిరగరాస్తే, ఫలితం ఎంత బాగున్నా 30లో 12 దాటవు. ఈ రూల్‌ను ప్రశ్నపత్రం మీదే రాసి ఇస్తాను.

నేనూ ఇంకో టీచరూ ఇద్దరం దిద్దేటప్పుడు ముందు ఒకే రెండు బ్యాచ్‌లను విడివిడిగా దిద్దుకుంటాం. 40లో మూడు మార్కులకు మించి తేడా వస్తే రూబ్రిక్‌లో (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక) ఆ తేడాకు కారణమైన వాక్యాన్ని తిరగరాసి, తర్వాతే మిగతా 13 బ్యాచ్‌లు మొదలుపెడతాం. ఒక బ్యాచ్ మొత్తం ఒకేసారి కాకుండా, ఒక అంశాన్ని 15 బ్యాచ్‌లకూ వరుసగా దిద్దాలి. లేదంటే మొదటి బ్యాచ్‌కు ఒక కొలత, చివరి బ్యాచ్‌కు ఒక కొలత అవుతుంది. గడువు ముగిసిన నిమిషంలోనే ప్రతి బ్యాచ్ రిపోజిటరీకి (గిట్‌లో కోడ్ ఉండే చోటు) ట్యాగ్ అనే గుర్తు పెట్టి, ఆ ట్యాగ్ దగ్గరున్న కోడ్‌నే దిద్దుతాను. మార్కుల షీట్‌లో ప్రతి అంకె పక్కన ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. ఎవరైనా మార్కులు తక్కువొచ్చాయని వస్తే ఆ లైను తెరిచి కలిసి చూస్తాం.