నేను వాకింగ్‌తో తగ్గలేదు

మేడారం మొక్కున్నోళ్లకు తెలుసు, ఎత్తు బంగారం, అంటే మన బరువంత బెల్లం, ఇస్తమని మొక్కితే మన బరువు నలుగురిల బయటపడుతది. 2022 జాతరప్పుడు హన్మకొండల బెల్లం దుకాణంల కాంటా ఎక్కిన. దుకాణమాయన లోపలికి కేకేసిండు, "నూటపద్నాలుగు కిలోలు, తియ్!" వెనకున్నోళ్లంత నా దిక్కు చూసిన్రు. నాకైతే సిగ్గనిపియ్యలే. సమ్మక్క తల్లికి ఇచ్చేదానికి సిగ్గెందుకు?

అసొంటి నేను 2023 మే నెలల, బడి సెలవుల్ల, హైదరాబాద్ పోయి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న. వచ్చినంక పది నెలలు అందరికీ ఒకటే మాట చెప్పిన. "పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక, రాత్రికి జొన్నరొట్టె." నడక నిజమే, రొట్టె నిజమే. అసలు ముచ్చట మాత్రం దాచిన. అమ్మ ఒట్టు వేయించుకున్నది. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా. కడుపు కోయించుకున్నదంటే ఏం రోగమో అనుకుంటరు."

2024 ఫిబ్రవరి జాతరకు మళ్ల కాంటా ఎక్కిన. ఎనభై రెండు. దుకాణమాయన ఆధార్ జిరాక్స్ తీసుకొని, పుస్తకంల పేరు, కిలోలు రాసుకుంట, "ఎట్ల తగ్గినవమ్మా?" అని అడిగిండు. తల్లి మొక్కు తూకం మీద నిలబడి కూడ "నడక" అనే అన్న. ఇంటికొచ్చేదాక మనసుల గుచ్చుకుంటనే ఉన్నది.

ఆ తర్వాత నెల కాకముందే మా బడిల వంట చేసే అక్క నా దగ్గరికొచ్చింది. మోకాళ్ల నొప్పులతోని కుంటుకుంట నడుస్తది. బియ్యం బస్తాల పక్కన కూసొని, "మేడం, మీరు చెప్పినట్టే ఆర్నెల్ల సంది చేస్తున్న. తెల్లారి నడుస్తున్న, రాత్రి బువ్వ బందు వెట్టిన. మూడు కిలోలే తగ్గిన. మీకున్న పట్టుదల నాకు లేదు మేడం" అని కండ్లు తుడుసుకున్నది.

అక్కడనే చెప్పేసిన. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "గీ మాట ముందే చెప్తే నన్ను నేను అన్నన్ని తిట్టుకోకపోదును గదా" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకుండె, ఇప్పటికీ లేదు. ఆమెకు ఆపరేషన్ వద్దు, అడగలే కూడ. థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నది, మందు వాడుతున్నది. ఆమెకు కావాల్సింది నా దగ్గరున్న నిజం మాత్రమే.

మర్నాడు స్టాఫ్‌రూంల చెప్పిన. "ఓ, గంతేనా? కష్టపడకుంట తగ్గినవన్నట్టు" అన్నరు ఒకరు. దాస్తే అట్లా, చెప్తే ఇట్లా. 2014ల అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఇసొంటి ఆపరేషనే చేయించుకుంటే షుగర్ కోసమన్నరు, ఎవ్వరు సోమరితనం అనలే. నాకూ షుగరే ఉండె, ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ 45 దాటింది. ఆడమనిషి చేయించుకుంటే మాత్రం అందం కోసమైతది.

కష్టం సంగతి చెప్త. నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయాన్ని నిలువున కోసి ముప్పావు వంతుకు పైనే తీసేస్తరు, మిగిలేది అరటికాయంత గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా ఆ తీసేసిన భాగంలనే తయారైతది, అందుకే మొదట్ల ఆకలి కూడ తగ్గుతది. చర్మం కింద కొవ్వు పీల్చే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. మా చిన్నమ్మ ఇప్పటికీ రెండూ ఒకటే అనుకుంటది. ఆపరేషన్‌కు ముందే కాలేయం చిన్నగావాలని రెండు వారాలు ప్రొటీన్ పొడి, మజ్జిగ, చారు మీదనే ఉన్న.

తర్వాత దగ్గుమందు సీసా మీదుండే చిన్న మూతతోని పెసరకట్టు తాగుడు. ఒక మూత, పావుగంట ఆగుడు, ఇంకో మూత. అయిదో వారంల సగం ఉడికిన గుడ్డు తిననీకి ఇరవై నిమిషాలు పట్టింది. నిండిందని ముందు ముక్కు చెప్తది, నీళ్లు కారుతయి. అప్పుడు ఆపకపోతే ఎక్కిళ్లు. ఇంకొక్క బుక్క తింటే రొమ్ము కింద రాయి ఇరుక్కున్నట్టే. మా బాబాయి కొడుకు పెండ్లి దావత్‌ల అత్తలంత నా ఇస్తారి దిక్కే చూస్తున్నరని రెండు మటన్ ముక్కలు గబగబ మింగిన. ఫంక్షన్ హాల్ వెనక నీళ్ల డ్రమ్ము పట్టుకొని అరగంట నురగ ఉమ్మిన. వచ్చి "గ్యాస్" అన్న. నిజం చెప్పి ఉంటే ఆ ముక్కలు ముట్టకపోదును.

ఆ ఏడు బతుకమ్మకు దువ్వెన పెడితే పిడికెడు జుట్టు. తినే నడుమల నీళ్లు తాగుడు లేదు, తిన్న అరగంటకే. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ లెక్క. బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ బతికినంత కాలం. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోవద్దు.

అయినా బరువు మళ్ల రావచ్చు, వచ్చింది కూడ. చపాతీ సగం దిగని కడుపుల సకినాలు ఎన్నైనా దిగుతయి. కరకరలాడేవి నోట్లనే పొడై జారిపోతయి. 74 దాక దిగినదాన్ని 78కి వచ్చిన.

2026 జనవరి జాతరకు మళ్ల అదే దుకాణం. "డెబ్బై ఎనిమిది" అన్నడాయన. "ఆపరేషన్ చేయించుకున్న అన్నా, పోయినసారి నీకు అబద్ధం చెప్పిన" అన్న. ఆయన పుస్తకంల రాసుడు ఆపి తలెత్తిండు, నవ్విండు. లైన్ల నా వెనకున్న ఒకామె ఆటో దాక వెంట వచ్చింది. "మా చెల్లెకు చెప్పాలె, గోలీలేం వాడుతవు?" అని అడిగింది. సంచిల నుంచి డబ్బా తీసి ఇచ్చిన. మూత తెరిచి ఒక్కొక్కటి వేలితోని ముట్టుకుంట, "ఇదెందుకక్కా? మరి ఇది?" అని అడుగుతనే ఉన్నది.