సుఖారు బావి దగ్గర వదిలేసిన కుండ

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వేపచెట్టు కింద టీ తాగుతుంటే, యువజన సంఘం కుర్రవాడొకడు ఉత్సాహంగా అన్నాడు: "అంకుల్, యేసు ప్రభువు ఆ కాలపు చట్టాలన్నీ తెంచేశాడు కదా!" నేను ముప్పై రెండేళ్లు హన్మకొండ చుట్టుపక్కల తహసీలు కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎవరైనా "చట్టాలన్నీ" అంటే, ఏ చట్టం, ఏ సెక్షను అని అడగబుద్ధవుతుంది. అడిగాను. అబ్బాయి టీ గ్లాసుతో సహా జారుకున్నాడు. అతనికి చెప్పాలనుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక కుష్ఠరోగి వచ్చి మోకరిస్తాడు. యేసు చెయ్యి చాపి అతణ్ణి ముట్టుకుంటాడు. రోగం పోతుంది. ఆ వెంటనే, వెళ్లి యాజకుడికి కనబడు, మోషే విధించిన కానుకలు ఇవ్వు అంటాడు. ఆ పద్ధతంతా లేవీయకాండం 14వ అధ్యాయంలో ఉంది. యాజకుడు పాళెం బయటికి వచ్చి పరీక్షించాలి. రెండు పక్షులు తేవాలి, ఒకదాన్ని వధించి రెండోదాన్ని బయట వదిలేయాలి. ఏడు రోజులు ఆగాలి, ఎనిమిదో రోజున బలులు. అచ్చం మా ఆఫీసు పనే. ఒళ్లు బాగుపడినంత మాత్రాన ఊరు రానివ్వదు. యాజకుడు "శుద్ధుడు" అనాలి. ఆ మాట విలువ యేసుకు తెలుసు.

మరి ముట్టుకోవడం దేనికి? అవసరం లేదు కదా. లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు దూరంగా నిలబడి కేక వేస్తే, అక్కడి నుంచే యాజకుల దగ్గరికి వెళ్లమన్నాడు. దారిలోనే బాగుపడ్డారు. శతాధిపతి అనే రోమా సైనికాధికారి సేవకుణ్ణయితే చూడకుండానే బాగుచేశాడు. అంటే చెయ్యి తగలకుండా బాగుచేయగలిగినవాడు, మైల అంటుతుందని తెలిసి కూడా ముందు ముట్టుకుని, ఆ తర్వాత యాజకుడి దగ్గరికి పంపాడు. ఈ వరుస మన ప్రసంగాల్లో ఎందుకు రాదో నాకు తెలియదు.

లూకా 13వ అధ్యాయం చదివినప్పుడు మాత్రం సిగ్గేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని యేసు, యూదులు పని మానే విశ్రాంతిదినాన, సమాజమందిరంలో బాగుచేస్తాడు. మందిరపు అధికారి యేసును ఏమీ అనలేక జనం మీద పడతాడు: పనికి ఆరు రోజులున్నాయి, అప్పుడు వచ్చి బాగుపడండి అని. "సారు లేరు, సోమవారం రండి" అని నేను ఎంతమందిని వెనక్కి పంపానో! న్యాయంగా చూస్తే ఆ అధికారి మాటలో లోపం పట్టలేం. ప్రాణం మీదికి వస్తే విశ్రాంతిదినాన్ని దాటవచ్చని యూదు బోధకులే ఒప్పుకున్నారు, ఇక్కడ ప్రాణాపాయం లేదు. (వాళ్లను మనం ఊరికే దుర్మార్గుల్లా చూపిస్తాం, అది నాకు నచ్చదు.) యేసు కూడా విశ్రాంతిదినమే వద్దనలేదు. ఆ రోజున మీరు ఎద్దునో గాడిదనో విప్పి నీళ్లకు తోలుకెళ్లరా, అబ్రాహాము కుమార్తెను కట్ల నుంచి విడిపించకూడదా అన్నాడు. వాళ్ల పశువుల కొట్టం నుంచే సాక్ష్యం తెచ్చాడు.

పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసిన మతపెద్దలను యేసు తిట్టినప్పుడు సైతం ఆ లెక్క మానేయమనలేదు. "వాటిని మానక వీటిని చేయవలసియుండెను" అన్నాడు.

మా నాయనమ్మకు చదువు రాదు. మాది డోర్నకల్ దగ్గరి పల్లె. 1912లో అజరయ్య గారు అక్కడ బిషప్పు అయ్యాక కొన్నేళ్లకు నాయనమ్మ వాళ్ల నాన్న బాప్తిస్మం తీసుకున్నాడు. బాప్తిస్మంతో ఊరి బావి దగ్గర దూరం తగ్గలేదు. తాడూ చేదా ముట్టుకోకూడదు. గట్టుకు ఇవతల కుండ పెట్టుకుని, ఎవరైనా దయతలచి ఎత్తునుంచి పోసేదాకా నిలబడాలి. (క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదని 1950 నాటి ఉత్తర్వు, వాళ్లకు "బీసీ-సి" అని నేనే ఎన్ని సర్టిఫికెట్లు రాశానో. ఆ గట్టు దగ్గర మాత్రం అందరం ఒకటే.)

నేను పదో తరగతిలో ఉండగా ఆమెకు యోహాను 4వ అధ్యాయం చదివి వినిపించేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం, సమరయలోని సుఖారు ఊరి దగ్గర యాకోబు బావి. యూదులు సాంగత్యం చేయని సమరయ స్త్రీని యేసు "నాకు దాహమునకిమ్ము" అని అడుగుతాడు. అక్కడ ప్రతిసారీ ఆపమనేది. "కుండలో పోసేవాళ్లను చూశాను బిడ్డా, మా కుండలో నీళ్లు అడిగినవాణ్ణి చూడలేదు" అనేది.

ఒకరోజు అడిగాను: "ఇంతకీ ఆయన నీళ్లు తాగాడా?"

"తాగాడు."

"అట్లా రాయలేదు నాయనమ్మా."

"బావి లోతు, చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదని ఆమే అన్నది కదా. కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి వెళ్లిందని నువ్వే చదివావు. మరి ఎండలో కూర్చున్న మనిషి ఇంక దేనితో తాగుతాడు?"