తాత నేర్చుకున్న ఇరవై మాటలు

"తాత లిబియాలో ఆరేళ్లు ఉన్నాడు కదా, వాళ్ల మాటలు ఎన్ని నేర్చుకున్నాడు?" అని అడిగాడు మావాడు. ఇరవై ఉంటాయేమో అన్నాను. "ఆరేళ్లు ఉన్నాయనకి ఇరవై చాలా? మరి నేనెప్పుడూ ఉండని ఊరి భాష, ఈ తెలుగు మొత్తం నాకెందుకు?"

పదేళ్ల వెధవ. చపాతీ పిండి చేతులతో అలాగే నిలబడిపోయాను. వాడు అడిగింది ఇంగ్లీషులోనే లెండి, ఇక్కడ తెలుగు చేసుకున్నది నేను.

ఈ గొడవ కోరి తెచ్చుకున్నదే. బళ్లో ఏదో ఒక దేశం గురించి అట్ట తయారు చేసి చెప్పాలట. వాడు జపాన్ అన్నాడు. నేను లిబియా అన్నాను. మా నాన్న 1985లో రాజంపేట నుంచి బ్రెగా వెళ్లి అక్కడి పైపుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఈ వంకన వారం పాటు తాతతో తెలుగులో మాట్లాడతాడని నా ఎత్తు. "ఇది నా ప్రాజెక్టా, నీదా?" అన్నాడు. నీదే నాన్నా అన్నాను, అట్ట నా చేతిలోనే పట్టుకుని.

దేశం చిన్నదేం కాదు. 17.6 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశంలో సగానికి పైనే. జనం 70 లక్షలకు అటూ ఇటూ, అందులోనూ చాలామంది మధ్యధరా తీరం అంచునే. తక్కిందంతా దాదాపు ఎడారే. 1959లో జెల్టెన్‌లో చమురు పడకముందు, రెండో ప్రపంచ యుద్ధం వదిలిపోయిన ఇనుప తుక్కు అమ్ముకున్న దేశం. ఇప్పుడు ఆఫ్రికాలో అందరికంటే ఎక్కువ చమురు నిల్వలు వాళ్లవే. ఇవేవీ వాడి చెవికెక్కలేదు.

ఎక్కింది నీళ్ల సంగతి. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదక్కడ. చమురు కోసం దక్షిణాన తవ్వుతుంటే ఇసుకరాతి పొరల్లో మంచినీళ్లు తగిలాయి. సహారా పచ్చగా ఉన్న కాలంలో, వేల ఏళ్ల కిందట ఇంకిన నీళ్లు. అకాకస్ కొండల రాళ్ల మీద అప్పటి ఏనుగుల, జిరాఫీల బొమ్మలు ఇంకా ఉన్నాయి. ఆ నీళ్లను వెయ్యికి పైగా బావులతో తోడి పైపుల్లో తీరానికి తెచ్చారు. బావులు చాలావరకు 500 మీటర్ల లోతు దాటినవే. మా ఊళ్లో మూడు బోర్లు వేసి మూడింట్లోనూ దుమ్ము చూసిన మనిషి, మా నాన్న, వెళ్లి ఆ పైపులకు ఉక్కుతీగ చుట్టాడు. ఆయన ఫొటో ఒకటుంది. పైపులో నిలబడి చేతులు పైకెత్తాడు, పైభాగం ఇంకా చాలా ఎత్తున ఉంది. నాలుగు మీటర్ల వ్యాసం మరి. 1991లో నీళ్లు బెంఘాజీ వైపు వచ్చేసరికి ఆయన ఇంటికొచ్చేశాడు.

చదువుతుంటే నాకో ఆయుధం దొరికింది. గడాఫీ లిబియాను ఏలిన కాలంలో నఫూసా కొండల్లో, జువారాలో అమజిగ్ వాళ్లు, అంటే అరబ్బుల కంటే ముందునుంచీ అక్కడున్న జనం, తమ భాషను బళ్లో చెప్పుకోడానికి లేదు, పిల్లలకు తమ పేర్లు పెట్టుకోడానికీ లేదు. 2011 తరవాతే బడిలో పాఠాలు మొదలుపెట్టుకోగలిగారు. "చూశావా, వాళ్లు ఎంత పోరాడి..." అని ఎత్తుకుని, మధ్యలోనే ఆపేశాను. మా ఇంట్లో తెలుగుకు అడ్డుపడిందెవరు? కోపమొస్తే నాకు ముందు ఇంగ్లీషే వస్తుంది. వాడు తెలుగు క్లాసుకు రానని మొరాయించిన ఆదివారాలు, ఇంకో గంట పడుకోవచ్చని లోపల్లోపల సంబరపడ్డదీ నేనే. ఎవరి కష్టాన్నో తెచ్చి పిల్లాడి నెత్తిన కొట్టబోయాను.

మనవైపు నుంచి ఈ దేశానికి కొత్తగా వచ్చిన వాళ్లకు మాత్రం దర్జాగా చెబుతుంటాను: ఇంట్లో తెలుగే మాట్లాడండి, పిల్లలకు అదే వచ్చేస్తుంది, వాళ్లు మనకు దూరం కారు అని. దూరం సంగతి ఇప్పుడు అంత గట్టిగా అనలేను. నా చిన్నప్పుడు నాన్న లిబియా నుంచి రెండేళ్లకోసారి వచ్చినప్పుడు మాట్లాడింది అచ్చంగా తెలుగే. అయినా రెండు రోజులపాటు నేను తలుపు చాటు నుంచి బయటికొచ్చేదాన్ని కాదు.

ఆ శనివారం ఫోన్ చేశాం. నాన్న తన అరబ్బీ అంతా ఒలకబోశాడు: రొట్టెకు ఖుబ్జా, మెల్లగా అనడానికి ష్వయ్యా ష్వయ్యా. మావాడు పడీపడీ నవ్వి రెండూ నోట్లో వేసుకున్నాడు. ఏళ్ల తరబడి నేను చెప్పిన మాటకు అంత ముచ్చట పడింది లేదు. తరవాత ఫోన్ దగ్గరికి జరిగి, "తాతా, ఆ వాటర్ పాతది కదా. అయిపోతే?" అన్నాడు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. "అయిపోతాది నాయనా," అన్నాడు. "మళ్లీ ఊరే నీళ్లు కాదవి."

నేనేమో పక్కన కూర్చుని, వాడి ప్రశ్నలో తెలుగు మాటలెన్నో వేళ్ల మీద లెక్కపెడుతున్నాను.