జేబులో కూజా మూత

పారిస్‌లో ఉద్యోగానికి చేరిన మొదటి చలికాలంలో, సెంతువాన్ పాత సామాన్ల సంతలో ఆకాశనీలం గాజు గ్లాసు ఒకటి కొన్నాను. పంతొమ్మిదో శతాబ్దపు ఒపలీన్, అంటే పాలలా మసకగా ఉండే గాజు, అన్నాడు అమ్మినతను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి అంచు చూస్తే లోపల తెల్లటి పొర, పైన నీలం పొర! ఇటలీలోని ఎంపోలీ ప్రాంతంలో ఇరవయ్యో శతాబ్దం మధ్యలో చేసిన రకం అది. దాన్నీ ఒపలీన్ అనే పిలుస్తారు. పోయిన 40 యూరోల కంటే, చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోలేకపోవడమే ఎక్కువ బాధించింది.

ఆ తరువాత ఆరు నెలలు ఏదీ కొనలేదు. రివోలీ వీధిలోని అలంకరణ కళల మ్యూజియంలో గాజు సామాను చూస్తూ గడిపాను. బాకరా, సెన్ లూయీ కర్మాగారాలు పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో సీసం కలిసిన క్రిస్టల్ గాజుతో అసలు ఒపలీన్‌ను చేశాయి. పాలమీగడలాంటి మసక రావడానికి కరిగిన గాజులో ఎముకల బూడిద లాంటివి కలిపేవారు. ఆ సన్నని రేణువులు వెలుగును చెదరగొడతాయి. అందుకే మంచి తెల్ల ఒపలీన్‌ను దీపానికి అడ్డం పెడితే నిప్పుకణికలా ఎర్రబడుతుంది. సాయంత్రపు ఆకాశం ఎర్రబడేదీ ఇలాంటి కారణంతోనే. లేత గులాబీ రంగుకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘పావురం గొంతు’. ఎంత చక్కగా చూసి పెట్టారో!

నాకు కావలసింది ‘వెర్ దో’. మాటకు అర్థం నీళ్ల గ్లాసు అనే. మంచం పక్కన పెట్టుకునే కూజా, గ్లాసు, చక్కెర గిన్నె, పళ్లెం కలిపిన సెట్ అది. పంచదార నీళ్లలో నారింజపూల నీరు చుక్కలు వేసుకుని తాగేవారట.

తూర్పు ఫ్రాన్స్‌లోని లొరేన్‌లో ఒక ఊరి వీద్ గ్రెనియేలో, అంటే అటక దులిపి అమ్మేసే సంతలో, తెల్లని కూజా, గిన్నె, పళ్లెం దొరికాయి. గ్లాసు లేదు. ఫోటోలో తెలుపు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది. ఒకటి నీలానికి మొగ్గుతుంది, ఇంకొకటి పసుపుకు. అందుకని కూజా మూతను చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకుని ఊరూరా సంతలు తిరిగాను. ఏ గ్లాసు కనిపించినా పక్కన మూత పెట్టి చూడటం, అడుగున రాపిడి గీతలు వెతకడం, గోటితో మీటి వినడం. ఎన్నో గ్లాసులు క్రిస్టల్‌లా మోగకుండా ‘టక్’మని ఊరుకున్నాయి.

పదకొండో నెలలో, వాన పడుతున్న ఆదివారం, పింగాణీ కప్పుల వెనుక ఒకటి కనిపించింది. మీటితే గంటలా సాగింది. మూత పక్కన పెడితే రంగులో తేడా లేదు. అంచున బంగారు పూత పెదవులు తగిలే చోట అరిగిపోయింది, కింది పట్టీ మాత్రం కొత్తదిలా ఉంది. ఎవరో ఏళ్ల తరబడి తాగిన గ్లాసు. 65 యూరోలు అడిగింది ముసలావిడ. బేరమాడలేదు.

సీసం ఉంటుంది కాబట్టి అందులో నేను నీళ్లు తాగను. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని బట్టతో తుడిచి పళ్లెంలో పెట్టాను. జేబులోంచి మూత తీసి కూజా మీద ఉంచాను.