సిమ్లా మంచులో చిన్న రైలు ఫోటోలు: నా అనుభవం

సిమ్లాలో మంచు పడిందని టీవీలో చూసి గుంతకల్లులో రైలెక్కితే లాభం లేదు. కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి దాదాపు ఒకటిన్నర రోజు, అక్కణ్ణుంచి కాల్కాకు ఒక రాత్రి, కాల్కా నుంచి చిన్న రైల్లో ఐదారు గంటలు. మనం చేరేలోపు ఎండ తగిలే వాలుల్లో మంచు సగం కరిగిపోయి ఉంటుంది. దేవదారు కొమ్మల మీదిదైతే ఎండ వచ్చిన కొన్ని గంటల్లోనే జారిపోతుంది. కొమ్మల మీద మంచు లేని ఫోటో, పట్టాల పక్కన ఎంత తెల్లగా ఉన్నా, బోసిగానే కనిపిస్తుంది. అందుకే నేను మంచు పడకముందే అక్కడ ఉండేలా చూసుకుంటాను. జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి మొదటి సగం లోపల కనీసం వారం రోజులు పెట్టుకుంటే ఆశ ఉంటుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజులు వద్దు. రైల్లో సీటూ దొరకదు, ప్లాట్‌ఫాం మీద నిలబడే చోటూ దొరకదు.

వెళ్లాక రోజూ చూడాల్సింది వాతావరణ శాఖ సిమ్లా కేంద్రం ఇచ్చే సూచన. పడమటి నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనే వాతావరణ అలజడి వల్లే అక్కడ చలికాలంలో మంచు పడుతుంది. అది వస్తోందంటే ముందురోజే బ్యాటరీలన్నీ చార్జింగ్ పెట్టేయాలి. మంచు ఆగి తెల్లవారిన ఆ పూటే అసలు పని.

కాశ్మీరు ఎందుకు కాదని అడుగుతారు. బనిహాల్–బారాముల్లా లైన్లో మంచు ఎక్కువే, 11 కిలోమీటర్ల పీర్ పంజాల్ సొరంగం దాటగానే లోయంతా తెల్లగా ఉంటుంది. కానీ స్టేషన్ల దగ్గర భద్రత గట్టిది, కెమెరా బయటికి తీస్తే జవాబులు చెప్పుకోవాలి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను సిమ్లానే చెప్తాను.

కాల్కా–సిమ్లా లైను 1903లో మొదలైంది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండే నారోగేజి, 96 కిలోమీటర్లు. కాల్కా 656 మీటర్ల ఎత్తులో ఉంటే సిమ్లా రెండువేల మీటర్ల పైన ఉంది. కాబట్టి మంచు లైనంతా దొరకదు. కనోహ్ దగ్గర నాలుగంతస్తుల కమాను వంతెన చాలా అందంగా ఉంటుంది గానీ, అక్కడ మంచు కోసం కూర్చుంటే కాలం వృథా. తారాదేవి, జుతోగ్, సమ్మర్ హిల్, సిమ్లా, ఈ చివరి 11 కిలోమీటర్లే మన చోటు. నాకు సమ్మర్ హిల్ ఎక్కువ ఇష్టం. సిమ్లా నుంచి రోడ్డు మీద నడిచి వెళ్లొచ్చు, చెట్లు పట్టాల మీదికి వంగి ఉంటాయి. 2023 ఆగస్టులో కొండచరియ విరిగిపడి పట్టాలు గాల్లో వేలాడింది ఈ స్టేషన్ దగ్గరే. అక్కడి వాలు ఎంత నిటారుగా ఉంటుందో దాన్నిబట్టే తెలుస్తుంది. మంచు కప్పిన అంచున కాలు పెట్టకూడదు.

సమ్మర్ హిల్‌లో బండి వచ్చేది ముందే తెలుసుకోవడానికి యాప్‌ల కంటే స్టేషన్‌ను గమనించడం మేలు. ఈ లైను టోకెన్ల మీద నడుస్తుంది. టోకెన్ అంటే ముందున్న లైను ఖాళీగా ఉందని డ్రైవర్‌కు ఇచ్చే గుర్తు. టోకెన్ చేతికందనిదే డ్రైవర్ ముందుకు పోడు. గదిలో గంట మోగుతుంది, కాసేపటికి ఉద్యోగి టోకెన్ పట్టుకుని ప్లాట్‌ఫాం మీదికి వస్తాడు. అప్పుడు లెన్స్ మూత తీస్తే సరిపోతుంది. మంచు బాగా పడిన రోజు ఇంకొకటి చూడొచ్చు. పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట, కదిలే పట్టాకూ కదలని పట్టాకూ మధ్య సందులో మంచు గట్టిపడితే పాయింటు పూర్తిగా పడదు, బండి ఆగుతుంది. గ్యాంగ్‌మెన్ పారలతో ఆ సందునే శుభ్రం చేస్తుంటారు. దూరం నుంచి తీసినా మంచి ఫోటో అది, వాళ్లను ఒక మాట అడిగి తీయాలి.

పట్టాల మీదికి దిగకూడదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు దాకా ఉంది. చట్టం సంగతి అటుంచినా, మంచు శబ్దాన్ని పీల్చేస్తుంది. దిగువకు వచ్చే బండి ఇంజను పెద్దగా మోగదు, మలుపు తిరిగి ఎదురుగా వచ్చేదాకా వినపడదు. పక్కన ఎత్తిపోసిన మంచు ఉంటే తప్పుకునే చోటూ ఉండదు. ప్లాట్‌ఫాం, రోడ్డు, కాలిబాట చాలు. ప్లాట్‌ఫాం టికెట్టు తీసుకుని స్టేషన్ మాస్టరు గారికి సొంతానికి తీసుకుంటున్నామని చెప్తే చాలావరకు ఇబ్బంది ఉండదు.

ఇక కెమెరా. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దేన్ని చూసినా నడిమి బూడిద రంగు అనుకుంటుంది, అందుకే మంచు మురికిగా వస్తుంది. ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచాలి (ఒక స్టాపు పెంచితే వెలుతురు రెట్టింపు). దీన్ని ఇక్కడే సాధన చేయొచ్చు: ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పలు పోసినప్పుడు మధ్యాహ్నం వెళ్లి, ఏ సెట్టింగులో పత్తి తెల్లగా ఉంటూనే దాని పోగులు కనిపిస్తున్నాయో చూసుకోవాలి. మంచులో నేను మాన్యువల్‌లోనే పెడతాను. ఆటోలో ఉంటే, దూరాన చిన్నగా ఉన్న ఇంజను దగ్గరికొచ్చి ఫ్రేము నిండేసరికి కెమెరా లెక్క మారిపోయి వెనకాల మంచు తేలిపోతుంది. ఎండ పడిన మంచు మీద మీటరు చూసి, ఒకటిన్నర స్టాపు పెంచి, వెలుగునీడలు చూపే గ్రాఫు, హిస్టోగ్రాం, కుడి అంచుకు తగలకుండా ఉందో లేదో చూసి వదిలేయాలి. సెన్సర్ పట్టిన వివరమంతా దాచే రా (RAW) ఫార్మాట్ తప్పనిసరి.

ఈ బండి గంటకు 25 కిలోమీటర్లకు అటూ ఇటూగా పోతుంది. షట్టర్ వేగం ఎదురుగా వచ్చేటప్పుడు సెకనులో 1/250 వంతు, పక్కనుంచి 1/500 చాలు. మంచు కురుస్తుంటే 1/500లో రేకులు చుక్కల్లా నిలుస్తాయి, 1/60లో గీతల్లా సాగుతాయి. నాకు 1/125 నచ్చుతుంది, ఆ వేగంలో ఇంజను ముఖం చెదరకుండా చెయ్యి కుదురుగా ఉండాలి. ఫ్లాష్ వద్దు, దగ్గరి రేకులన్నీ పెద్ద తెల్ల మచ్చలవుతాయి. ఆటోఫోకస్ కూడా రేకుల మీదికి పోతుంది. బండి ఎక్కడికొచ్చాక నొక్కాలో ముందే తేల్చుకుని, అక్కడి స్లీపర్ మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయాలి.

మన అనంతపురం దుమ్ము సంగతి మర్చిపోకూడదు. సెన్సర్ మీది ధూళి మామూలు ఫోటోల్లో కనపడదు, ఎఫ్/11 లాంటి చిన్న అపెర్చర్‌లో (లెన్స్ రంధ్రంలో) తీసిన తెల్లటి మంచు మీద నల్ల చుక్కలై తేలుతుంది. బయలుదేరే ముందే ఖాళీ ఆకాశాన్ని తీసి చూసుకుని శుభ్రం చేయించాలి.

చలికి బ్యాటరీలో రసాయన చర్య నెమ్మదిస్తుంది, సగం చూపిస్తున్నది ఉన్నట్టుండి ఖాళీ అంటుంది. దాన్ని పారేయక్కర్లేదు. చొక్కా లోపలి జేబులో కాసేపు పెడితే మళ్లీ కొంత పనిచేస్తుంది. అదనంగా రెండు ఉంచుకుని ఒంటి వేడికి తగిలేలా పెట్టుకోవాలి. లెన్స్ మీద పడ్డ మంచును నోటితో ఊదకూడదు, ఆ ఆవిరి గడ్డకడుతుంది. రబ్బరు బ్లోయర్ వాడాలి.

గదిలోకి వెళ్లేటప్పుడు అసలు జాగ్రత్త కావాలి. చల్లబడిన కెమెరాను హీటరున్న గదిలో తీస్తే లెన్స్ లోపల కూడా తేమ పడుతుంది. ఉక్కపోత రోజుల్లో ఏసీ పెట్టెలోంచి దిగగానే కళ్లద్దాలు మసకబారేది ఇందుకే. బయటే మెమరీ కార్డు తీసేసుకుని, కెమెరాను జిప్ కవర్లో పెట్టి, గాలి ఒత్తి మూసి, లోపలికి తెచ్చాక రెండు గంటలు ముట్టకూడదు. కార్డు చేతిలోనే ఉంటుంది కాబట్టి ఈలోపు ఫోటోలు లాప్‌టాప్‌లోకి ఎక్కించి, మంచులో వివరం నిలిచిందో లేదో పెద్దగా చేసి చూడొచ్చు. నిలవకపోతే మర్నాడు పొద్దున్నే ఎక్స్‌పోజర్ మూడో వంతు, అర స్టాపు తగ్గించి మళ్లీ సమ్మర్ హిల్‌కే పోవాలి.