ముహూర్తాలు లేని రోజుల్లో పువ్వుల పని

దుబాయ్ హోటళ్లలో పెళ్లిళ్ల సీజన్ అంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆ తర్వాత ఎండలు ముదురుతాయి, హాళ్లు ఖాళీ అవుతాయి. ఎవరిని ఉంచాలి, ఎవరిని జీతం లేని సెలవు మీద ఇంటికి పంపాలి అని మేనేజర్లు లెక్కలు వేయడం మొదలుపెడతారు. మనకి జీతం ఆగిందని హైదరాబాద్‌లో ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆగవు కదా. నేను పనిచేసిన పేస్ట్రీ కిచెన్‌లో ఆ లిస్టులో నా పేరు పడకుండా కాపాడినవి పెళ్లి కేకుల మీద పెట్టే చక్కెర పువ్వులే.

ఆ పని నేర్పింది మా సీనియర్, శ్రీలంక ఆయన. రంజాన్ నెలలో అక్కడ పెళ్లిళ్లు దాదాపు ఉండవు, చట్టం ప్రకారం పనిగంటలు కూడా రోజుకి రెండు తగ్గుతాయి. మిగతావాళ్లు ఆ నెలలో ఇఫ్తార్ స్వీట్ల మీద పడితే, ఆయన నన్నూ ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయినీ మూల టేబుల్ దగ్గర కూర్చోబెట్టి పువ్వులు చేయించేవాడు. వచ్చే సీజన్‌కి కావలసిన పువ్వులు అవి. 2011లో ప్రిన్స్ విలియం పెళ్లి కేకు ఎనిమిది అంతస్తులు, దాని మీద పువ్వులూ ఆకులూ కలిపి దాదాపు 900. "అవి పెళ్లి వారంలో కూర్చుని చేసినవనుకుంటున్నావా?" అని అడిగేవాడు.

చేయలేం మరి. గులాబీనే తీసుకోండి. మధ్యలో మొగ్గలా ఉండే భాగాన్ని ముందురోజే చేసి, వైరుకి గుచ్చి, రాయిలా ఎండనివ్వాలి. దాని మీద మెత్తటి రేకులు చుట్టాలి. ఒక వరుస కాస్త గట్టిపడితే తప్ప రెండోది నిలబడదు, జారిపోతుంది. చేతిపని కొంచెమే అయినా మధ్యలో ఆరబెట్టుకునే సమయమే ఎక్కువ.

విడిగా వైరు ఎక్కించే రేకులు ఇంకో రకం. చక్కెర ముద్దని గాడి ఉన్న బోర్డు మీద పలచగా ఒత్తితే, గాడి దగ్గర సన్నటి గట్టు మిగులుతుంది. సన్నటి 26 గేజ్ వైరు ఆ గట్టులోకే వెళ్లాలి. గట్టుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని వైరుని మెల్లగా తిప్పుతూ ఎక్కిస్తుంటే, అది ఎందాకా వెళ్లిందో వేలికే తెలుస్తుంది. తర్వాత రేకుని స్పాంజి ప్యాడ్ మీద పెట్టి, చివర గోళీలా గుండ్రంగా ఉండే బాల్ టూల్‌ని సగం రేకు మీద, సగం ప్యాడ్ మీద పడేలా అంచు వెంట నడిపిస్తే అంచు పలచబడి అలలు తిరుగుతుంది. మొత్తం రేకు మీదే నొక్కితే చిరుగుతుంది.

ముద్ద కొలత పెద్ద రహస్యమేమీ కాదు. ముప్పావు కిలో ఐసింగ్ షుగర్‌కి నాలుగు గుడ్ల తెల్లసొన, ముద్దని సాగేలా చేసి తర్వాత గట్టిపరిచే టైలోస్ పొడి 30 గ్రాములు, షార్టెనింగ్ (వనస్పతి లాంటి గట్టి కొవ్వు) 20 గ్రాములు. గాలి తగలకుండా చుట్టి ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే సాగుతుంది. హైదరాబాద్ వచ్చాక తెల్లసొన మానేశాను. ఇక్కడ ఫోన్ ఎత్తగానే మొదటి ప్రశ్న "ఎగ్‌లెస్సేనా?" అనే. టైలోస్ మొక్కల సెల్యులోజ్ నుంచి తయారయ్యేదే కాబట్టి దానితో చిక్కు లేదు, నీళ్లతో కలిపి పని నడిపిస్తున్నాను. తిరిగొచ్చేటప్పుడు కట్టర్లు, రేకుల మీద ఈనెలు ఒత్తే వీనర్లు బ్యాగులో సర్దుకున్నాను గానీ టైలోస్ డబ్బా మాత్రం అక్కడే వదిలేశాను. లేబుల్ చిరిగిన డబ్బాలో తెల్లపొడితో ఎయిర్‌పోర్టులో దిగి కస్టమ్స్ వాళ్లకి కేకుల మీద క్లాసు చెప్పే ఓపిక నాకు లేదు. బేగంబజార్ బేకరీ సామాన్ల షాపుల్లో దొరికేదానికి అంత టెన్షన్ ఎందుకు?

ముద్దని ఫ్రిజ్‌లో పెట్టాలి, పువ్వుని పెట్టకూడదు. చాలామంది తడబడేది ఇక్కడే. దుబాయ్‌లో ఒకసారి నైట్ షిఫ్ట్ వాళ్లెవరో షెల్ఫ్ ఖాళీ చేయడానికి మా పువ్వుల పెట్టెలన్నీ తీసుకెళ్లి వాకిన్ చిల్లర్‌లో, అంటే గదంత ఫ్రిజ్‌లో పెట్టారు. పొద్దున బయటికి తీసినప్పుడు బాగానే ఉన్నాయి. కాసేపటికి రేకుల మీద చెమట పట్టినట్టు సన్నటి నీటి చుక్కలు వచ్చాయి. రేకులకి అద్దిన ముదురు గులాబీ రంగు పొడి తెల్లటి అంచుల్లోకి దిగింది. మొదట కింది వరుస రేకులు వాలాయి, అంటించిన జిగురు వదిలేసింది. ఎవరు చేశారో ఎవరూ ఒప్పుకోలేదు, మా ఇద్దరికి ఓవర్‌టైమ్ పడింది. దానికి డబ్బులు ఇవ్వలేదనుకోండి.

ఎండిన పువ్వుకి కాలం శత్రువు కాదు, తేమే శత్రువు. చక్కెర మామూలుగా గాల్లో తేమ 85 శాతం దాటితే నీళ్లు లాక్కుని కరగడం మొదలవుతుంది, ముద్దతో చేసిన పువ్వు అంతకంటే ముందే మెత్తబడొచ్చు. పొడిగా ఉంచితే మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బా కంటే అట్టపెట్టె మేలు. పూర్తిగా ఆరని పువ్వు ఒక్కటి డబ్బాలో పడినా, దాని తడి బయటికి పోలేక పక్కవాటిని కూడా పాడు చేస్తుంది. అట్టపెట్టెలో అడుగున టిష్యూ పేపరు, మూలన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు. వైరు పువ్వుల్ని థర్మోకోల్‌కి గుచ్చి, రేకులు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టాలి. అమ్మ వేసవిలో వడియాలు పెట్టి ఏడాదికి దాచుకున్నట్టే అనిపిస్తుంది గానీ, ఆ పోలిక ఎండ దగ్గర ఆగిపోతుంది. ఎండలో పెడితే గులాబీ, వంకాయ రంగులు వెలిసిపోతాయి. చీకటి బీరువాయే దిక్కు.

దుబాయ్‌లో బయట ఆగస్టు రాత్రి ఉప్పు గాలి మొహానికి అంటుకుంటున్నా, లోపల ఏసీ గాలి ఎప్పుడూ పొడిగానే ఉండేది. పనిలేని కాలం, పువ్వులు ఆరే కాలం అక్కడ ఒకటే. హైదరాబాద్ నాగోల్‌లో సొంతంగా పెట్టుకున్నాక ఆ లెక్క తిరగబడింది. ఇక్కడ పెళ్లిళ్లు ఉండనిది ఆషాఢంలో. అప్పుడు చేతినిండా ఖాళీయే, కానీ బయట ముసురు. రేకు రెండు రోజులైనా గట్టిపడదు. గాలి బాగా పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో ముహూర్తాల మీద ముహూర్తాలు, కూర్చునే తీరిక ఉండదు. శ్రావణం వస్తే వాన, పెళ్లిళ్లు రెండూ కలిసే వస్తాయి.

నాకు కుదిరేది ధనుర్మాసం ఒక్కటే. ముహూర్తాలు ఉండవు, చలిగాలి పొడిగా ఉంటుంది. క్రిస్మస్, న్యూ ఇయర్ కేకుల హడావుడి తీరాక సంక్రాంతి దాకా మా ఆవిడా నేనూ పువ్వులే చేస్తాం. విరిగేవాటికి లెక్కగా పదికి ఒకటి రెండు ఎక్కువ చేస్తాం. శ్రావణంలో అత్యవసరమైతే చిన్న గదిలో ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి చేస్తాం, కానీ కరెంటు బిల్లు చూశాక ఆ ఆర్డరులో మిగిలేది తక్కువే.

ఇవన్నీ కస్టమర్‌కి చెప్పడం ఇంకో పని. మొన్న ఒకాయన రిసెప్షన్ కేకు కోసం వచ్చి పెట్టెలు చూశాడు.

"ఇవి ఎప్పుడు చేసినయ్ అన్నా?"

"జనవరిలో సార్."

"ఏడు నెలల కింద చేసినయా? మాకు తాజాగ చేసియ్యవా?"

"కేకు తాజాది సార్. పువ్వు పాతదైతేనే హాల్లో నిలబడుతుంది."

ఆయన ఒక పువ్వుని పైకెత్తి, గోటితో రేకుని కొట్టి చూశాడు. పింగాణీలా టంగుమంది. సరేనన్నాడు గానీ వందో రెండొందలో తగ్గించమని అడగడం మానలేదు.

ఇంకో సంగతి కూడా కస్టమర్లకి ముందే చెబుతాను. వైరు ఉన్న పువ్వుని నేరుగా కేకులో గుచ్చకూడదు, వైరు తినే వస్తువు కాదు. దానికి వేరే ప్లాస్టిక్ గొట్టాలుంటాయి, అందులో పెట్టి గుచ్చాలి. కేకు ఫ్రిజ్ నుంచి వచ్చినదైతే పువ్వులు హాల్లోనే, ఆఖరున పెడతాం. దుబాయ్‌లో అతిథులు పువ్వుల జోలికి వచ్చేవారు కాదు. ఇక్కడ ఫంక్షన్ హాల్లో కేకు కోసేలోపే పిల్లలు సగం పీకేస్తారు. అందుకే కింది అంతస్తుకి వైరు లేని పువ్వులే వాడుతున్నాను.

ఈ మధ్య మల్లెమొగ్గలు, కనకాంబరాలు కావాలని అడుగుతున్నారు, నాకు అది సంతోషం. బోలెడు రేకులుండే విదేశీ పియోనీ పువ్వు ఒక్కటి చేసే సమయంలో మొగ్గలు గుప్పెడు అయిపోతాయి, పలచటి రేకులు ఉండవు కాబట్టి పెట్టెలో అంత తేలిగ్గా విరగవు. కొత్తగా నేర్చుకోవాలని వచ్చేవాళ్లని మా ఆవిడ ముందు వాటి దగ్గరే కూర్చోబెడుతోంది. గులాబీ సంగతి వచ్చే ధనుర్మాసానికి చూద్దాం అంటోంది.